తెలుగు పుస్తకానికి తాళం ఎవరు వేశారు?

వేల తెలుగు పుస్తకాలు స్కానింగ్ యంత్రం కిందినుంచి బయటికొచ్చాయి. వాటిలో చాలావాటికి కాపీహక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఫోను లేని ఇల్లు లేదు. అయినా తెలుగులో ఒక విషయం కావాలని వెతికితే చేతికొచ్చేది పిడికెడే. లోపం ఎక్కడుంది?

ఓ పదిహేనేళ్ల కిందట తెలుగు పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే డీఎల్‌ఐ ఊసు రాకుండా ఉండేది కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు అది పొట్టిపేరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉంటూ ఓ పెద్ద పని తలకెత్తుకున్నారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి లోకానికి ఉచితంగా ఇవ్వాలన్నది సంకల్పం. దానికి మన దేశంలో వచ్చిన రూపమే డీఎల్‌ఐ. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య పాత్రధారులు. బీరువాల అడుగున పడి ఉన్న పుస్తకాలు పేజీ పేజీగా తెరమీదికొచ్చాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం ముద్ర, తిరిగివ్వాల్సిన తేదీలు గుద్దే చీటీ, ఎప్పటి పాఠకుడో పెన్సిలుతో గీసిన గీతలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా.

కాకపోతే అందులో పుస్తకాన్ని పట్టుకోవడం ఓ విద్య. పేర్లన్నీ రోమన్ లిపిలో, ఎక్కించినవాళ్లకు తోచిన స్పెల్లింగుతో ఉండేవి. దీర్ఘాన్ని ఎలా రాశారో, ‘శ’కు ఏ అక్షరం వాడారో ఊహించి నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి. రచయిత పేరు ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడమూ మామూలే. కొందరు తెలుగు వికీపీడియన్లు పూనుకుని ఆ పేర్లను తెలుగు లిపిలోకి మార్చి, ఏ పుస్తకం ఏ సంఖ్య కింద ఉందో పట్టికలు కట్టారు. అసలు గ్రంథాలయం చేయాల్సిన పని అది.

తర్వాత సైటు మొరాయించడం మొదలుపెట్టింది. చివరికి తెరుచుకోవడమే మానేసింది. ప్రజల డబ్బుతో చేసిన స్కాన్లు అంతటితో పోయేవే. పోలేదు. ప్రభుత్వ పత్రాలు, ప్రమాణాలు ప్రజలందరికీ ఉచితంగా అందాలని ఏళ్ల తరబడి పోరాడుతున్న కార్ల్ మలముద్ అనే అమెరికన్ అప్పటికే నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను దింపి పెట్టుకున్నారు. 2017 నాటికి వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించారు. ఇవాళ గూగుల్‌లో పాత తెలుగు పుస్తకం పేరు కొడితే తగిలే పీడీఎఫ్‌లో చాలావరకు ఆ చలవే. మన గ్రంథాలయాల పుస్తకాలు, మన ఊళ్లలో చేసిన స్కాన్లు. నిలబెట్టింది మాత్రం కాలిఫోర్నియాలోని రెండు లాభాపేక్ష లేని సంస్థలు, ఒకటి మలముద్‌ది, రెండోది ఇంటర్నెట్ ఆర్కైవ్. ఇందులో సిగ్గుపడాల్సింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

చూసుకోవడానికి ఉచితంగా ఇస్తే సరిపోదని ఆ ఉదంతం తేల్చిచెప్పింది. ఎవరైనా దింపుకుని, మరోచోట పెట్టుకుని, మరొకరికి ఇచ్చే వీలుండాలి. ఆ వీలున్నదే స్వేచ్ఛా జ్ఞానం. మిగతాదంతా సైటు యజమాని దయ.

బొమ్మలో చిక్కిన అక్షరం

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ స్కాన్ ప్రతి ఒకటి తెరిచి, పూర్వం మనవాళ్లు ఏ ఆటలు ఆడేవారో, ఏం తినేవారో వెతకండి. వెతుకుడు గడిలో ఏ మాట కొట్టినా ఏమీ దొరకలేదనే వస్తుంది. పేజీ మీద ఆ మాట కళ్లెదుట కనిపిస్తూనే ఉంటుంది. కంప్యూటరుకు మాత్రం అది పుస్తకం కాదు, కొన్ని వందల ఫొటోల కట్ట. వెతకలేం, ఒక పేరా కాపీ చేసుకోలేం, చిన్న ఫోను తెర మీద అక్షరం పెంచుకుని హాయిగా చదవలేం.

మనకది కాస్త అసౌకర్యం. చూపు లేని పాఠకుడికి పూర్తిగా మూసిన తలుపు. ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్లు తెలుగు యూనికోడ్ పాఠాన్ని, అంటే ఏ కంప్యూటరైనా అక్షరాలుగా గుర్తించే పాఠాన్ని, చదివి వినిపిస్తాయి. గొంతు కాస్త యంత్రంలా ఉన్నా పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరిదాకా వినొచ్చు. స్కాన్ బొమ్మ ముందు అదే సాఫ్ట్‌వేర్ నోరు మెదపదు. 2012లో కాపీహక్కు చట్టాన్ని సవరించి, వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఏ పుస్తకాన్నైనా వాళ్లకు పనికొచ్చే రూపంలోకి మార్చుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. 2016లో ‘సుగమ్య పుస్తకాలయ’ పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయమూ వచ్చింది. చట్టం అడ్డు తొలిగింది, గూడు ఏర్పడింది. ఆ గూట్లో పెట్టడానికి బొమ్మ కాని తెలుగు పుస్తకం కావాలి.

బొమ్మను పాఠంగా మార్చే ఓసీఆర్ పరిజ్ఞానం తెలుగుకూ వచ్చింది. పదేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడది ఎంతో నయం. కొత్త పుస్తకం, శుభ్రమైన అచ్చు అయితే దాదాపు తప్పుల్లేకుండా తీసిస్తుంది. చిక్కంతా పాత పుస్తకాలతోనే. సీసపు అచ్చులో అరిగిన తలకట్టు, ఒత్తు కింద మరో ఒత్తు, అరసున్న, బండి ఱ, తెలుగు అంకెలు, కాగితం వెనకవైపు సిరా ఇవతలికి ఊరిన మరకలు. ‘థ’కూ ‘ధ’కూ మధ్య తేడా చుక్కంత. ‘ప’, ‘వ’, ‘ష’లు కాస్త చెదిరితే ఒకదానికొకటి మారువేషాలు. పద్యం అయితే మరీ ఇబ్బంది, ఒక్క అక్షరం తేడా వస్తే గణం తప్పుతుంది.

అందుకే మనిషి కావాలి. 2005లో మొదలైన తెలుగు వికీసోర్స్‌లో జరిగేది ఇదే. తెరకు ఒకపక్క స్కాన్ పేజీ, ఇంకోపక్క ఓసీఆర్ ఇచ్చిన పాఠం. రెండూ పోల్చుకుంటూ అక్షరం అక్షరం దిద్దాలి. ఎవరూ దిద్దని పేజీ ఎర్రరంగులో ఉంటుంది. ఒకరు దిద్దితే పసుపు. మరొకరు సరిచూసి ఒప్పుకుంటే ఆకుపచ్చ. దిద్దినవాళ్లే ఆకుపచ్చ చేసుకోవడానికి వీల్లేదు. పూర్వం ప్రెస్సుల్లో ప్రూఫ్ రీడరు, ఆ మీద పండితుడు చూసే పద్ధతి లాంటిదే. కాకపోతే ఇక్కడ ప్రూఫ్ రీడరు పదవీ విరమణ చేసిన మాస్టారు కావచ్చు, మధ్యాహ్నం పని తీరిన గృహిణి కావచ్చు, రాత్రి డ్యూటీలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కావచ్చు. ఒక పేజీకి పది నిమిషాలు పట్టవచ్చు, ఓ గంటా పట్టవచ్చు. అలా ఓ పుస్తకం మొత్తం ఆకుపచ్చగా మారేసరికి నెలలు గడుస్తాయి. మారాక మాత్రం ఆ పుస్తకం ఫోనుకొస్తుంది, చెవికొస్తుంది, వెతికితే దొరుకుతుంది.

ఇంత శ్రమకు ఫలం ఎలా ఉంటుందో చూడాలంటే ‘ఆంధ్రభారతి’ తెరవండి. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు కట్టిన ఆ గూట్లో ఒక మాట కొడితే బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివి వరసగా ఏం చెబుతున్నాయో ఒక్క తెరమీద కనిపిస్తుంది. వీటిలో కొన్ని కొందామన్నా పాత పుస్తకాల అంగళ్లలో సులువుగా దొరకవు. తెలుగు రాసి బతికేవాళ్లలో, ఈ వ్యాసకర్తతో సహా, ఆ సైటుకు బాకీ పడనివాళ్లు అరుదు.

ఫాంటు మారితే పుస్తకం మాయం

పాత పుస్తకాలది బొమ్మల గొడవ అయితే, నిన్న మొన్నటి పుస్తకాలది ఫాంట్ల గొడవ. ఇది బయటివాళ్లకు అంతగా తెలియదు గానీ డీటీపీ సెంటర్లో పనిచేసినవాళ్లను కదిపితే కథలు కథలుగా చెబుతారు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. అయినా ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు మన అచ్చు ప్రపంచం అను, శ్రీలిపి వంటి ఫాంట్లతోనే నడిచింది. ఇప్పటికీ చాలా ప్రెస్సుల్లో నడుస్తోంది. దినపత్రికలు ఎవరి ఫాంటు వాళ్లు తయారు చేయించుకున్నాయి. ఆ పద్ధతిలో టైపు చేసిన ఫైలు లోపల ఉండేది తెలుగు కాదు, రోమన్ అక్షరాల గజిబిజి. పైన తొడిగిన ఫాంటు దాన్ని తెలుగులా చూపిస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు. ఫలితంగా 1990ల నుంచి కంప్యూటరు మీదే పుట్టిన వేల పుస్తకాలు, పత్రికల సంచికలు కంప్యూటరుకే అర్థం కాకుండా పోయాయి. వందేళ్ల కిందటి పుస్తకాన్నైనా స్కాన్ చేసి చదువుకోవచ్చు. పాతికేళ్ల కిందటి పేజ్‌మేకర్ ఫైలు తెరవడానికి దిక్కు లేదు.

ఈ చెర విడిపించడానికి కంపెనీలు రాలేదు, ప్రభుత్వాలు ఆలస్యంగా వచ్చాయి. ముందు వచ్చినవాళ్లు తెలుగు మీద మమకారం ఉన్న ఇంజినీర్లు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతి ఇంగ్లిషు కీబోర్డు మీద తెలుగు రాయడం నేర్పింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’, ‘వేమన’ యూనికోడ్ ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చేశారు. వెన్న నాగార్జున ‘పద్మ’ అనే పరికరం చేసి పత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించారు. 2006లో వీవెన్ ‘లేఖిని’ పెట్టారు. తెలుగు బ్లాగులు వెల్లువెత్తింది ఆ రోజుల్లోనే. ఆ తర్వాత 2012 డిసెంబరులో తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల వేళకు సిలికానాంధ్ర చొరవతో మండలి, గిడుగు, గురజాడ, సురవరం వంటి పేర్లతో కొత్త ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. ఇవాళ పెళ్లి శుభలేఖ మొదలుకుని సినిమా పోస్టరు దాకా ఎక్కడో ఒకచోట అవి కనిపిస్తూనే ఉన్నాయి. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. ఎవరైనా మార్చుకోవచ్చు కూడా.

ప్రచురణకర్తలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీ దగ్గర మూలన పడి ఉన్న పాత అను ఫైళ్లను ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్పించి పెట్టుకోండి. అమ్ముకుంటారో, ఊరికే ఇస్తారో తర్వాతి సంగతి. ఆ పాత కంప్యూటరు కాలం చేస్తే రెండూ కుదరవు.

ఎవరి పుస్తకం ఎప్పుడు మనది?

రచయిత చనిపోయాక 60 ఏళ్లు. మన దేశంలో కాపీహక్కు లెక్క అది. చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క మొదలవుతుంది. 1957 చట్టంలో ఇది 50 ఏళ్లే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో కన్నుమూశారు. 1991 చివరికి ఆయన రచనలు అందరివీ కావాల్సి ఉండగా, గడువును మరో పదేళ్లు పెంచారు. ఒక్క మహాకవి కోసం దేశంలోని రచయితలందరి పుస్తకాలూ పదేళ్లు ఆగాయన్నమాట.

ఈ లెక్కతో తెలుగు సాహిత్యానికి ఒక క్యాలెండరు గీసుకుంటే భలేగా ఉంటుంది. గురజాడ, కందుకూరి, గిడుగు, చిలకమర్తి ఎప్పుడో అందరివాళ్లయ్యారు. ‘మాలపల్లి’ ఉన్నవ లక్ష్మీనారాయణ 2019లో చేరారు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి నిజాం పాలనలో ఊరూరా పుస్తకాలు మోసుకెళ్లి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు. ఆయన ‘ప్రజల మనిషి’ నవల 2022 నుంచి నిజంగానే ప్రజలది. ‘అసమర్థుని జీవయాత్ర’ గోపీచంద్‌ది 2023. చరిత్రకారుడు మల్లంపల్లి సోమశేఖరశర్మది 2024. మల్లాది రామకృష్ణశాస్త్రి కథలు 2026 జనవరి 1 నుంచి స్వేచ్ఛాజీవులు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ కోసం 2028 దాకా ఆగాలి. జాషువా కోసం 2032, విశ్వనాథ కోసం 2037, చలం కోసం 2040, శ్రీశ్రీ కోసం 2044. ఒక చిన్న హెచ్చరిక. రచయిత మూలపాఠానికే ఈ స్వేచ్ఛ. కొత్త ముద్రణలో ఎవరో రాసిన ముందుమాటకు, వేసిన బొమ్మలకు హక్కులు వేరుగా ఉంటాయి.

ఇక వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌ల సంగతి. నిన్నగాక మొన్న అచ్చయిన నవలను ఎవరో స్కాన్ చేసి పెడతారు, వేలమంది దించుకుని దండాలు పెడతారు. ఇది స్వేచ్ఛా జ్ఞానమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వెయ్యి కాపీలు వేసి, అవి అమ్ముడుపోవడానికి ఏళ్లు ఎదురుచూసే తెలుగు రచయిత జేబు కొట్టడం అది. రచయిత తానుగా ఇస్తేనో, చట్టం చెప్పిన గడువు తీరితేనో వచ్చేది స్వేచ్ఛ. ఇవ్వదలచుకున్నవాళ్లకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉన్నాయి. పేరు చెబితే చాలు వాడుకోండి అనవచ్చు. వాడుకుని మార్చినవాళ్లు కూడా ఇదే షరతు మీద పంచాలి అనవచ్చు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన ‘స్టోరీవీవర్’ పిల్లల కథలన్నీ ఇలాంటి లైసెన్సు మీదే ఉన్నాయి. తెలుగు కథలు దండిగా ఉన్నాయి, బొమ్మలతో సహా. బడిలో అచ్చు తీసి పంచినా, నాటకం వేయించినా, మీ యాసలోకి మార్చి రాసినా ఎవరూ నోటీసు పంపరు. ఈ సంగతి తెలిసిన ప్రాథమిక పాఠశాల టీచర్లు ఎంతమంది ఉన్నారన్నదే ప్రశ్న.

హక్కుల లెక్క ఒక్కోసారి మరీ విడ్డూరంగా తేలుతుంది. శ్రీకాకుళంలో 1997లో కథానిలయం తెరిచి, తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా ఒక ప్రతి అక్కడ ఉండాలని తన పురస్కారాల సొమ్ము, పెద్దవయసు అంతా దానికే ధారపోశారు కాళీపట్నం రామారావు మాస్టారు. ఆయన 2021లో వెళ్లిపోయారు. చట్టం లెక్కన ఆయన కథలు అందరివీ అయ్యేది 2082లో.

ప్రజల సొమ్ము, ప్రభుత్వం తాళం

రచయితలకు బతుకుతెరువు ఉంది, వారసులకు హక్కు ఉంది. సరే. మరి ప్రజల డబ్బుతో అచ్చయిన పుస్తకాల మాటేమిటి? చట్టం ప్రకారం ప్రభుత్వం, ప్రభుత్వ సంస్థలు ప్రచురించిన రచనలకూ కాపీహక్కు ఉంది. అచ్చయిన ఏడాది నుంచి 60 ఏళ్లు. తెలుగు అకాడమీ 1968లో పుట్టింది, పీవీ నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. డిగ్రీ దాకా తెలుగులో చదువు చెప్పాలన్న పంతంతో భౌతికశాస్త్రం నుంచి న్యాయశాస్త్రం దాకా పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తెచ్చింది. ఎందరో అధ్యాపకుల తపస్సు అది. 1969లో అచ్చయిన అకాడమీ పుస్తకం కూడా 2030 వచ్చేదాకా తాళంలోనే. ఈలోగా అందులోని శాస్త్ర సమాచారం పాతబడుతుంది, పదకోశాలు చినిగిపోతాయి, అదే పదానికి మరొకరు కొత్తగా తెలుగు మాట పుట్టిస్తారు.

రాష్ట్ర విభజన తర్వాత ఆ అకాడమీ ఆస్తుల పంపకం మీద రెండు రాష్ట్రాలకూ పేచీ వచ్చి కోర్టు మెట్లెక్కాయి. భవనాన్నీ బ్యాంకు డిపాజిట్‌నూ పంచుకోవడం కష్టమే, నిజమే. పదకోశానికి ఆ బాధ లేదు. ఇద్దరూ మొత్తంగా తీసుకోవచ్చు, ప్రజలకు మొత్తంగా ఇవ్వచ్చు. ఎవరి వాటా తరగదు. తెలుగు విశ్వవిద్యాలయం సంగతీ అంతే. ఇప్పుడు తెలంగాణలో అది సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకుంది. సురవరం రచనలు 2014 నుంచి అందరివీ. ఆయన పేరున్న విశ్వవిద్యాలయం ప్రచురణలు కూడా ఆ దారిన నడిస్తే ఎంత ముచ్చటగా ఉంటుంది!

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. పక్కింటివాళ్లు చేసి చూపించారు. తమిళనాడులో అప్పటి మద్రాసు ప్రభుత్వం 1949లోనే సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులు కొని, తర్వాత ప్రజలపరం చేసింది. ఆ సంప్రదాయాన్ని ప్రభుత్వాలు మారినా కొనసాగించి, వందమందికి పైగా రచయితల వారసులకు సొమ్ము చెల్లించి వాళ్ల పుస్తకాలను జాతీయం చేసింది. తమిళ అభిమానులు 1998 సంక్రాంతికి మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ మదురై’ సంగం సాహిత్యం నుంచి ఆధునికుల దాకా పాఠరూపంలో ఎక్కించడానికి ఆ విధానం ఎంతో కలిసొచ్చింది. కర్ణాటకలో మైసూరు విశ్వవిద్యాలయం తన కన్నడ విశ్వకోశాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసింది. గోవా విశ్వవిద్యాలయం కొంకణి విశ్వకోశాన్నీ అలాగే ఇచ్చింది. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. కొంకణి మాట్లాడేవాళ్లు అందులో ముప్పయ్యో వంతు కూడా ఉండరు. అయినా వాళ్లు చేశారు, మనం చేయలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణల్లో చాలావాటిని, కవిత్రయ భారతంతో సహా, ఉచితంగా దించుకోనిస్తోంది. మెచ్చుకోవాల్సిందే. దానికి స్వేచ్ఛా లైసెన్సు కూడా తోడైతే వాటిని మరొకరు వినే పుస్తకంగానో, పిల్లల పుస్తకంగానో మలచగలరు.

అకారం నుంచి లక్ష దాకా

జ్ఞానాన్ని ఊరికే పంచడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో 1901లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం వెలిసింది. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పుస్తకాల పడవ నడిపారు. ఒడ్డున ఉన్న పల్లెలకు గ్రంథాలయమే నడిచి వచ్చేది. ఆ పరంపరలో తలమానికం కొమర్రాజు లక్ష్మణరావు. విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో రాయించిన ఆయన, లోకంలోని సంగతులన్నీ తెలుగులో ఉండాలని ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ మొదలుపెట్టారు. మూడు సంపుటాలు వచ్చినా అకారం దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు.

ఆయన వదిలిన పని 2003 డిసెంబరులో మరో రూపంలో మొదలైంది. తెలుగు వికీపీడియాకు అంకురం వేసింది పైన చెప్పుకున్న వెన్న నాగార్జునే. ఇవాళ అందులో వ్యాసాలు లక్ష దాటాయి. రెండు రాష్ట్రాల్లోని ఊళ్ల గురించి 2011 జనగణన వివరాలతో వేల పేజీలు ఉన్నాయి. మీ ఊరి పేజీలో బడి, చెరువు, సాగుభూమి లెక్క ఉండొచ్చు. మీ ఊరి కథ మాత్రం ఉండకపోవచ్చు. అది మీరు రాయాలి.

లక్ష అన్న అంకె చూసి మురిసిపోనక్కర్లేదు. నెలనెలా క్రమం తప్పక గట్టిగా రాసేవాళ్లు పదుల్లోనే ఉంటారు. ఎనిమిది కోట్ల మందికి సర్వస్వం రాస్తున్నది ఒక బస్సుకు సరిపడా జనం. సంఖ్య పెంచుదామని అడ్డదారులు తొక్కితే ఏమవుతుందో కూడా అనుభవమైంది. 2010 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పరికరంతో, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకులతో ఇంగ్లిషు వ్యాసాలను తెలుగులోకి దింపించింది. వాక్యం మొదలు తెలిస్తే చివర తెలియని తెలుగు అది. ఆ చెత్త ఊడ్చడానికి స్వచ్ఛంద రచయితలకు ఏళ్లు పట్టింది. బెంగాలీ వికీపీడియా మొదట్లోనే వద్దు పొమ్మంది. వాళ్లది తెలివి.

యంత్రానువాదం ఇప్పుడు చాలా మెరుగైంది, నిజమే. ఆ మెరుగు వెనకా స్వేచ్ఛా పాఠమే ఉంది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం, 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషిణి, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు తెలుగుకు పనిముట్లు చేయాలంటే ముడిసరుకు తెలుగు పాఠం, తెలుగు గొంతు. ‘స్వేచ్ఛ’ సంస్థ విద్యార్థులను పెట్టి కథలు సేకరించి 2024లో ‘చందమామ కథలు’ అనే చిన్న భాషా నమూనా చేసింది. సంకల్పం గొప్పది. పాఠం చాలకపోతే యంత్రం ఇంగ్లిషులో ఆలోచించి తెలుగులో అప్పజెబుతుంది. శ్రీకాకుళం మాట, పాలమూరు మాట, అనంతపురం మాట దానికి ఎప్పటికీ పరాయివే. మనం ఊరికే ఇచ్చిన పాఠంతో పెద్ద కంపెనీలు సరుకు చేసి మనకే అమ్ముతాయన్న అనుమానం కొందరికి ఉంది. సబబైన అనుమానమే. దానికి మందు తాళం వేసుకోవడం కాదు. అదే పాఠంతో ఇక్కడి విద్యార్థి, ఇక్కడి చిన్న కంపెనీ కూడా పనిముట్టు చేయగలగడమే.

ఇంటర్నెట్ సరిగా లేని బడులున్నాయి కదా అంటారు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక్కసారి దింపి మెమొరీ కార్డులో పెట్టుకుంటే నెట్ లేకుండానే చదువుకోవచ్చు. జిల్లా గ్రంథాలయ సంస్థలు తలచుకుంటే వారంలో చేయగల పని. ఖర్చు దాదాపు సున్నా.

ఇప్పుడు చేయగలిగింది

రెండు తెలుగు ప్రభుత్వాలనూ అడగాల్సింది ఒక్క ఉత్తర్వు. తెలుగు అకాడమీలు, తెలుగు విశ్వవిద్యాలయాలు, సాంస్కృతిక శాఖలు ఇంతవరకు వేసిన, ఇకముందు వేయబోయే పుస్తకాలన్నీ స్వేచ్ఛా లైసెన్సు కింద, యూనికోడ్ పాఠంగా విడుదల చేయాలి. పనిలో పనిగా జీవోలను కూడా స్కాన్ బొమ్మలుగా కాక పాఠంగానే పెట్టాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. హక్కుదారు సంతకం పెడితే చాలు. ఆ సంతకం చేసే అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉంది.

పాఠకులు చేయగలిగిందీ ఉంది. మీ తాతగారి పెట్టెలో, మీ ఊరి గ్రంథాలయం అటక మీద 1965కు ముందు పోయిన రచయితల పుస్తకాలు, హక్కుల గడువు తీరిన పాత పత్రికల సంచికలు ఉంటే చిత్తుకాగితాలవాడికి వేయకండి. మొదటి పేజీ, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం ఫొటో తీసి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పుస్తకం ఉందో లేదో చూడండి. లేకపోతే స్కాన్ చేసి ఎక్కించండి, పేరు తెలుగు లిపిలోనే పెట్టండి. ఆ ఓపిక లేకపోతే తెలుగు వికీసోర్స్ తెరిచి ఒక్క ఎర్ర పేజీ పట్టుకోండి. దాన్ని పసుపు చేయడానికి తెలుగు చదవడం వస్తే చాలు, ఇంకే అర్హతా అక్కర్లేదు.